కారు నడపని చైల్డ్‌మైండర్, రెండు బడుల గంటలు

ఇంగ్లండులోని ఒక మోస్తరు పట్టణం నుంచి, పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. భర్త ఉద్యోగరీత్యా అక్కడికి వెళ్లిన ఆవిడ, తన పిల్లలు కాస్త పెద్దయ్యాక బడులనూ పిల్లల సంరక్షణనూ తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ అనే సంస్థ దగ్గర నమోదు చేసుకొని, ఇతరుల పిల్లల్ని రుసుముకు తన ఇంట్లోనే చూసుకునే చైల్డ్‌మైండర్‌గా పని చేస్తున్నారు. పగటిపూట పది నెలల పాప, రెండేళ్ల బాబు, మూడేళ్ల పాప ఆవిడ సంరక్షణలో ఉంటారు. మధ్యాహ్నం మూడు కాగానే చిన్నవాళ్లిద్దరినీ జంట బగ్గీలో, అంటే ఇద్దరు పట్టే తోపుడు బండిలో కూర్చోబెట్టి, మూడేళ్ల పాప చేయి పట్టుకొని, పది నిమిషాల నడకలో ఉన్న బడికి వెళతారు. ఆరేళ్ల తన కొడుకునూ, పదేళ్ల తన కూతురినీ, బాబు అక్క అయిన ఆరేళ్ల అమ్మాయినీ, మరో ఏడేళ్ల అబ్బాయినీ తీసుకొని ఇంటికి వస్తారు. ఆవిడకు కారు నడపడం రాదు. ఇంతకాలం దాని అవసరమూ రాలేదు.

ఇప్పుడు ఆ అక్కాతమ్ముళ్ల కుటుంబం పట్టణానికి అటువైపు ఇల్లు మారుతోంది. సెప్టెంబరు నుంచి అమ్మాయి రెండు మైళ్ల దూరంలో ఉన్న వేరే బడిలో చేరుతుంది. తల్లిదండ్రులకు ఈవిడ మీద గురి ఉంది కనుక పిల్లలిద్దరినీ ఇక్కడే ఉంచాలని వాళ్ల కోరిక. “మీరు డ్రైవింగ్ నేర్చుకుంటే అంతా సర్దుకుంటుంది కదా” అని ఆ తల్లి నవ్వుతూనే అన్నదట. ఆ బడి 3.15కు వదులుతారు, ఈ బడి 3.20కి. బస్సు అరగంటకు ఒకటి. ఆ కుటుంబం నుంచి వచ్చేది ఆవిడ సంపాదనలో దాదాపు మూడోవంతు. భర్త వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని చేస్తారు కనుక, ఆ రెండు రోజులూ తానే వెళ్లి అమ్మాయిని తీసుకొస్తానంటున్నారు.

దీనికి తోడు పాత బాధలు కొన్ని ఉన్నాయి. ఇల్లు చూసుకోవడానికి వచ్చిన ఒక తల్లి “అత్యవసరమైతే కారు లేకుండా ఎలా?” అని అడిగి, మళ్లీ ఫోన్ చేయలేదు. తోటి చైల్డ్‌మైండర్లు కొందరు కారు లేనివాళ్లకు ఈ పని కుదరదన్నట్టు మాట్లాడతారు. ఆడపడుచు ఫోన్ చేసినప్పుడల్లా “అక్కడ కారు నడపని ఆడవాళ్లు ఇంకా ఉన్నారా వదినా?” అంటుంది. ఆవిడ నేర్చుకోవడానికి ప్రయత్నించకపోలేదు. థియరీ పరీక్ష నెగ్గి, ప్రాక్టికల్‌కు వెళ్లి, ఒక రౌండెబౌట్ దగ్గర తడబడి తప్పారు. ఆ తరువాత స్టీరింగ్ ముట్టుకోలేదు. ఈ కుటుంబాన్ని వదులుకోవాలా, భయాన్ని పక్కనబెట్టి నేర్చుకోవాలా, టాక్సీయో బస్సో పనికొస్తుందా, అసలు కారు లేదన్న సంగతి కొత్తవాళ్లకు ముందే చెప్పాలా అని ఆవిడ అడుగుతున్నారు.

మీ ఉత్తరం చదివాక ముందుగా నియమాల సంగతి తేల్చాలనిపించింది, ఎందుకంటే మీ మాటల్లో ఎక్కడో తప్పు చేస్తున్నానేమోనన్న జంకు కనిపిస్తోంది. ఇంగ్లండులో చైల్డ్‌మైండర్‌గా నమోదు కావడానికి మీరు పన్నెండు గంటల పీడియాట్రిక్ ఫస్ట్ ఎయిడ్ (పిల్లల ప్రథమ చికిత్స) శిక్షణ పొందారు, నేరచరిత్ర చూసే డీబీఎస్ తనిఖీ చేయించుకున్నారు, ఇంట్లో పదహారేళ్లు నిండిన వారికీ చేయించారు, ఇంటిని చూపించారు, బీమా తీసుకున్నారు. ఈ షరతుల్లో డ్రైవింగ్ లైసెన్సు అన్నది లేదు. పిల్లల్ని వాహనంలో తిప్పే పక్షంలో ఆ వాహనానికీ, నడిపేవారికీ తగిన బీమా ఉండాలని నిబంధనలు చెబుతాయి తప్ప, తిప్పి తీరాలని ఎక్కడా చెప్పవు. కారు లేని చైల్డ్‌మైండర్ అరకొర చైల్డ్‌మైండర్ కాదు. కారు కావాలన్నది కొందరు తల్లిదండ్రుల ఇష్టం. ఆ ఇష్టాన్ని గౌరవించవచ్చు, కానీ దాన్ని నియమంగా నెత్తికెత్తుకోనక్కరలేదు.

ఇక సెప్టెంబరు సంగతి. ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా మీరు దీన్ని కారు సమస్యగానే చెప్పారు. ఆ తల్లి అలా అన్నది, మీ వారూ అలాగే అనుకుంటున్నారు. కాసేపు మీకు కారు వచ్చిందనీ, చేయి తిరిగిన డ్రైవరు అయిపోయారనీ అనుకొని ఆ మధ్యాహ్నాన్ని ఊహించండి. మూడు గంటలకు ముందే నిద్రపోతున్న పాపను లేపి, ముగ్గురు చిన్నవాళ్లనూ మూడు సీట్లలో బిగించాలి. మామూలు కార్లలో చాలావాటికి వెనుక వరుసలో మూడు చైల్డ్ సీట్లు పక్కపక్కన పట్టవు. పట్టాయనే అనుకుందాం. రెండు మైళ్లు వెళ్లి, బడి దగ్గర ఆ వేళ కారు నిలిపే చోటు వెతుక్కోవాలి. కొన్ని బడుల ముందు వీధుల్లోకి ఆ వేళలో కార్లను అసలు రానివ్వరు. పిల్లల్ని కారులో వదిలి గేటు దాకా వెళ్లడం మీ వృత్తిలో కుదరదు, వాళ్లు ఎప్పుడూ మీ కంటికి గాని చెవికి గాని అందేంత దగ్గరలో ఉండాలి. కాబట్టి ముగ్గురినీ దింపి, అమ్మాయిని తీసుకొని, మళ్లీ నలుగురినీ ఎక్కించాలి. ఆ అమ్మాయి చేతికి అందేది 3.15కు. మీ కొడుకు, కూతురు, ఆ ఏడేళ్ల అబ్బాయి మరో బడి గేటు దగ్గర ఎదురుచూసేది 3.20కి. ఎంత గొప్ప డ్రైవరైనా ఈ అయిదు నిమిషాల్లో అక్కడి నుంచి ఇక్కడికి రాలేరు.

ఒకవేళ ఇక్కడి బడివాళ్లు పిల్లల్ని కాసేపు ఆపడానికి ఒప్పుకున్నా, కారులో ఎక్కవలసిన వారిని లెక్కపెట్టండి. మీరు, ముగ్గురు చిన్నవాళ్లు, అటు బడి అమ్మాయి, ఇటు బడి పిల్లలు ముగ్గురు. మొత్తం ఎనిమిది మంది. ఏడు సీట్ల కారు కొన్నా ఒకరు మిగిలిపోతారు. మీ కూతురు ఒక్కతే నడిచి రావచ్చనుకున్నా కారు కిక్కిరిసి ఉంటుంది, పైగా ఇంగ్లండులో 135 సెంటీమీటర్ల ఎత్తు గాని పన్నెండేళ్ల వయసు గాని, ఏది ముందు వస్తే అది వచ్చేదాకా పిల్లలకు చైల్డ్ సీటు ఉండాలి కనుక బడి పిల్లలకూ ఎత్తు పెంచే బూస్టర్ సీట్లు పెట్టాలి. అంటే మీ చిక్కుముడి రెండు బడుల గంటల మధ్య పడింది. మీ లైసెన్సు దాన్ని విప్పలేదు. ఈ సంగతి మీకు తెలిస్తే చాలదు, ఆ తల్లికి కూడా కాగితం మీద వేళలు రాసి చూపించండి. ఆవిడ అన్నది చెడుమనసుతో అన్నది కాదు, ఆ మధ్యాహ్నాన్ని ఎప్పుడూ మీ వైపు నుంచి చూసి ఉండదు.

అలా చూశాక మీ ముందు కొన్ని దారులు మిగులుతాయి. ఏదీ నష్టం లేని దారి కాదు.

బాబును మీ దగ్గరే ఉంచి, అమ్మాయిని కొత్త బడిలోని ఆఫ్టర్ స్కూల్ క్లబ్బులో చేర్చడం మొదటిది. తండ్రో తల్లో పని నుంచి తిరిగివస్తూ ఇద్దరినీ చెరోచోటి నుంచి తీసుకుంటారు. వాళ్లకు సాయంత్రం ఒక మలుపు ఎక్కువవుతుంది, మీకు బడి తరువాతి రుసుము ఒకటి తగ్గుతుంది. కానీ గమనించండి, ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఒకేసారి ఆరుగురిని మించకూడదన్న పరిమితి దగ్గర మీరిప్పుడు సరిగ్గా నిలబడి ఉన్నారు. పగటి పిల్లలు ముగ్గురు, మీ కొడుకు, ఆ అమ్మాయి, ఆ అబ్బాయి. మీ కొడుకు కూడా ఆ లెక్కలోకే వస్తాడు. అమ్మాయి వెళితే ఖాళీ అయ్యేది మీ దగ్గరి బడి పిల్లల్లో ఎవరికైనా ఇవ్వగల చోటు. ఇంగ్లండులో ప్రైమరీ బడుల్లో ఎవరికి ఎక్కడ చోటు దొరికిందన్నది ఏప్రిల్ 16న తెలుస్తుంది. ఇది మే నెల. సెప్టెంబరులో మీ పక్క బడిలో తొలి తరగతి అయిన రిసెప్షన్‌లో చేరబోయే పిల్లల తల్లిదండ్రులు, ఉద్యోగాలకు వెళ్లేవారైతే, మూడున్నర తరువాత పిల్లల్ని ఎవరు చూస్తారా అని ఇప్పుడే వెతుకుతుంటారు. మీరు ఇంతకు ముందు ప్రకటన ఎక్కడ పెట్టారో రాయలేదు. ఆ బడి ఆఫీసులో అడిగి, వాళ్ల నోటీసు బోర్డు మీదా తల్లిదండ్రులకు పంపే వార్తాపత్రంలోనూ చోటు దొరుకుతుందేమో చూడండి. నా మొగ్గు ఈ దారి వైపే. బాబు అలవాటైన చోట ఉంటాడు, ఆ కుటుంబంతో మైత్రి నిలుస్తుంది, మీ రాబడిలో పోయేది మూడోవంతు కాదు, అందులో చిన్న భాగం మాత్రమే. అయితే ఒక మెలిక ఉంది. వాళ్ల కొత్త ఇంటి నుంచి మీ ఇల్లు వాళ్లకు దారిలో పడుతుందో లేదో మీరు రాయలేదు. పడకపోతే ఈ ఏర్పాటు చలికాలం రాగానే వాళ్లకే బరువనిపిస్తుంది, బాబు కూడా ఏడాది మధ్యలో వెళ్లిపోతాడు. కాబట్టి వాళ్లు ఉదయం ఏ దారిన పనికి వెళతారో ముందే అడగండి.

మీ వారి సహాయం రెండో దారి. ఆయన మంచిమనసుతో అన్న మాటే, కానీ ఇంట్లో మాట్లాడుకున్నంత తేలిక కాదు. ఆయన డీబీఎస్ తనిఖీ ఇంట్లో ఉండే మనిషిగా జరిగింది. పరాయి బిడ్డను ఒంటరిగా కారులో తీసుకొచ్చే మనిషిగా ఆయన మీ సహాయకుడి స్థానంలోకి వస్తారు. ఆ సంగతి ఆఫ్‌స్టెడ్‌కు తెలియజేయాలి, ఆయనా పీడియాట్రిక్ ఫస్ట్ ఎయిడ్ శిక్షణ పొందాలి, పిల్లల్ని ఆయనకు అప్పగించడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. సహాయకుడికి ఒంటరిగా అప్పగించే సమయం రోజుకు రెండు గంటలు దాటకూడదు. కారు బీమా కంపెనీకి ఈ వాడకం గురించి ముందే చెప్పి, అది వర్తిస్తుందని రాతపూర్వకంగా తీసుకోవాలి. సొంత పనులకు తీసుకున్న మామూలు పాలసీ దీనికి సరిపోతుందని ఊహించుకోకండి. ఇవన్నీ చేసినా చేతికి వచ్చేది వారానికి రెండు రోజులు. ఆ వేళకు ఆయనకు ఆఫీసు మీటింగు పడిన రోజున ఎవరు వెళతారు? ఆఫీసువాళ్లు అయిదు రోజులూ రమ్మంటే? మిగిలిన మూడు రోజుల మాటేమిటి? ఆ కుటుంబానికి రెండు రోజులే చాలితే, మీ వారికి నిజంగా ఇష్టముంటే, ఇది పనికొస్తుంది. వాళ్లకు అయిదు రోజులూ కావలసి ఉంటే మాత్రం ఒక సగం ఏర్పాటు కోసం మీ ఇద్దరి మధ్య ప్రతి వారం చర్చ పెట్టుకున్నట్టవుతుంది.

అటువైపు ఉండే, కారు ఉన్న మరో చైల్డ్‌మైండరు అమ్మాయిని చూసుకోవడం ఇంకో దారి. ఆవిడతో వాళ్లే విడిగా ఒప్పందం రాసుకోవాలి, మధ్యలో మీరు బాధ్యత పడకూడదు. ఇందులో మీకున్న నష్టభయం దాచిపెట్టేది కాదు. అక్కకు అక్కడ అలవాటైతే తమ్ముడూ అక్కడికే చేరవచ్చు. అయినా తోటి చైల్డ్‌మైండర్ల పేర్లు మీరే చెప్పడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే వాళ్లు తమంతట తాము వెతుక్కున్నా అదే జరుగుతుంది, మీరు చెబితే కనీసం ఎప్పుడు ఏమవుతుందో మీకు ముందే తెలుస్తుంది.

టాక్సీ, బస్సు గురించి మీరు అడిగారు కనుక చెబుతాను. ఇంగ్లండులో టాక్సీ డ్రైవరు దగ్గర తగిన చైల్డ్ సీటు లేకపోతే పిల్లల్ని వెనుక సీటులో అది లేకుండానే తీసుకువెళ్లడానికి చట్టం ఒప్పుకుంటుంది. మూడేళ్లు దాటినవారికి పెద్దల బెల్టు పెట్టాలి, మూడేళ్ల లోపు వారికి అదీ అక్కరలేదు. అనుకోకుండా అవసరం పడిన రోజు కోసం ఇచ్చిన సడలింపు అది. పది నెలల పాపను ఒళ్లో పెట్టుకొని రోజూ టాక్సీలో తిరగడం చట్టరీత్యా తప్పు కాకపోయినా, ఆ పాప తల్లికి మీరు సంతోషంగా చెప్పుకోగల విషయం కాదు. సొంత సీట్లు మోసుకెళ్లి బిగించవచ్చు గాని, ఆ తతంగం రోజూ చేసేది కాదు. బస్సులో బగ్గీలు పెట్టే చోట వీల్‌చైర్‌లో వచ్చేవారిదే మొదటి హక్కు. 2017లో అక్కడి సుప్రీంకోర్టు కూడా, చోటు ఖాళీ చేయమని డ్రైవరు ఒక మాట అడిగి ఊరుకుంటే సరిపోదని చెప్పింది. న్యాయమైన తీర్పే. కానీ మీ మటుకు, ఒక మనిషి వీల్‌చైర్‌లో ఎక్కితే జంట బగ్గీ మడిచి, ఇద్దరు పసివాళ్లను చంకలో వేసుకొని, మూడేళ్ల పాపను మాటతో ఆపవలసి వస్తుంది, లేదా దిగి అరగంట తరువాతి బస్సు కోసం నిలబడాలి. గ్రంథాలయానికో పార్కుకో వెళ్లేటప్పుడు అరగంట ఆలస్యమైతే మునిగిపోయేదేమీ లేదు. బడి వదిలే వేళకు అందుకోవలసిన పనికి మాత్రం ఈ బస్సును నమ్ముకోకండి. నడక సంగతి చెప్పనే అక్కరలేదు. పెద్దవాళ్ల నడకకే రెండు మైళ్లకు నలభై నిమిషాలు పడుతుంది.

చివరిది, నోటీసు ఇచ్చి మర్యాదగా విడిపోవడం. మీ ఒప్పందంలో ఎన్ని వారాల నోటీసు రాసుకున్నారో చూసుకోండి. దీన్ని మీరు ఓటమిగా చూస్తున్నారు. నాకు అలా కనిపించడం లేదు. ఇల్లు మారినది వాళ్లు. ఇల్లు మారిన కుటుంబం పాలవాడినీ బడినీ మార్చుకున్నట్టే పిల్లల్ని చూసేవారినీ మార్చుకుంటుంది. అందులో ఎవరి తప్పూ లేదు. ఖర్చు మాత్రం ఉంటుంది, పగటి చోటు ఒకటీ బడి చోటు ఒకటీ ఒకేసారి ఖాళీ అవుతాయి. వాటిలో పగటి చోటు నిండడం కష్టం కాకపోవచ్చు. 2025 సెప్టెంబరు నుంచి ఇంగ్లండులో ఉద్యోగాలు చేసే తల్లిదండ్రుల్లో అర్హులైనవారికి, బిడ్డకు తొమ్మిది నెలలు నిండాక వారానికి ముప్పై గంటల సంరక్షణకు ప్రభుత్వం డబ్బు ఇస్తోంది. సెప్టెంబరు నుంచి అది అందాలంటే వాళ్లు ఆగస్టు 31 లోపు దరఖాస్తు పెట్టుకొని అర్హత కోడ్ తెచ్చుకోవాలి. అందుచేత ఈ వేసవి అంతా వాళ్లు చోట్ల కోసం తిరుగుతూనే ఉంటారు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. అయిదేళ్ల లోపు వారు ముగ్గురిని మించకూడదు, వారిలో ఏడాది లోపు బిడ్డ ఒక్కరే ఉండాలన్న లెక్క ఉంది కదా, మీ దగ్గరున్న పాపకు ఏడాది ఎప్పుడు నిండుతుందో చూసుకొని గాని మరో పసిబిడ్డకు మాట ఇవ్వకండి.

ఇక కారు లేదన్న సంగతి ముందే చెప్పాలా అన్న ప్రశ్న. దీనికి మాత్రం రెండు దారులు చూపను. మొదటి వాక్యాల్లోనే చెప్పండి, అదీ క్షమాపణ అడుగుతున్నట్టు కాకుండా. “నేను కారు నడపను. ఫలానా బడికి పిల్లలతో నడిచి వెళ్లి వస్తాను. నడిచి వెళ్లగలిగిన దూరంలో ఉన్న పార్కుకు, గ్రంథాలయానికి తీసుకువెళతాను. వేరే బడుల నుంచి తీసుకురాలేను.” ఇంతే. బడి పేరు తప్పక రాయండి, ఎందుకంటే వెతికేవాళ్లు వెతికేది దాన్నే. మీరిప్పుడు అనుసరిస్తున్న పద్ధతిలో, వాళ్లు ఇంటికి వచ్చి, పిల్లల గదంతా చూసి, మీరు టీ ఇచ్చి, చివర్లో ఈ మాట బయటపడుతోంది. అప్పటికి అది దాచిన విషయంలా వినిపిస్తుంది. ముందే రాస్తే కారు కావలసినవాళ్లు ఫోనే చేయరు, మీకు ఆ సాయంత్రం మిగులుతుంది. చేసినవాళ్లు తెలిసే చేస్తారు. వాళ్లలో మరో రకం మనుషులు కూడా ఉంటారని మీకు ఇంకా అనుభవంలోకి వచ్చినట్టు లేదు. తమ బిడ్డను ఇంకొకరి కారులో ఎక్కించడం ఇష్టం లేనివాళ్లు, తమకే కారు లేక నడిచి వచ్చి దింపిపోయేవాళ్లు, బిడ్డ రోజూ కాసేపు బయట నడిస్తే బాగుండుననుకునేవాళ్లు. అయితే నడకను మరీ పొగిడి అమ్మకండి. అక్కడి నవంబరు, డిసెంబరు నెలల్లో నాలుగింటికే చీకటి పడుతుంది, వానలో బగ్గీ తోయడం ముచ్చటైన పని కాదు. వాన కవర్లు, చీకట్లో మెరిసే పట్టీలు, పిల్లలకు అదనపు సాక్సులు మీ దగ్గర ఉంటాయని రాయండి. ఆ వివరం చదివిన తల్లికి మీరు ఆలోచించి పని చేసే మనిషని తెలుస్తుంది.

అత్యవసరం సంగతి అడిగిన తల్లికి మీరు ఏం చెప్పారో రాయలేదు. నోట మాట రాలేదేమో. ఈసారి ఎవరైనా అడిగితే చెప్పడానికి మీ దగ్గర గట్టి సమాధానమే ఉంది. బిడ్డకు ప్రాణం మీదకు వస్తే కారు ఉన్న చైల్డ్‌మైండరు కూడా స్టీరింగ్ పట్టుకోకూడదు, అత్యవసర నంబరు 999కు ఫోన్ చేయాలి. నడిపే చేతులతో ప్రథమ చికిత్స చేయలేరు, మిగిలిన పిల్లల్ని ఇంట్లో వదిలి పోలేరు. ప్రాణాపాయం లేని జ్వరం, వాంతులైతే వైద్య సలహా నంబరు 111కు ఫోన్ చేసి సలహా తీసుకోవడం, తల్లిదండ్రులను పిలిపించడం, వాళ్లు వచ్చేదాకా బిడ్డను ఒక పక్కన పడుకోబెట్టి చూసుకోవడం జరుగుతాయి. కారు ఉన్నా జరిగేది ఇదే. నిజంగా ముందే ఏర్పాటు చేసుకోవలసింది మరొకటి ఉంది. బిడ్డతో అంబులెన్సులో మీరు వెళ్లవలసి వస్తే మిగిలిన పిల్లల్ని ఎవరు చూస్తారు? పక్కవీధిలో నమోదైన మరో చైల్డ్‌మైండరుతో ఒకరికొకరు ఆదుకునేలా మాట్లాడుకొని, తల్లిదండ్రుల నుంచి ముందే అనుమతి రాయించుకోండి. ఆ తల్లి అసలు అడగవలసిన ప్రశ్న అదే, దానికి జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉంటే కారు మాట మళ్లీ రాదు.

డ్రైవింగ్ గురించి చివర మాట్లాడుతున్నది, అది చిన్న విషయమని కాదు. దాన్ని ఈ కుటుంబం సమస్య నుంచి విడదీసి చూడాలని. ఇప్పుడు మే నెల. మీరు రేపే పాఠాలు మొదలుపెట్టినా, ప్రాక్టికల్ పరీక్షకు తేదీ దొరకడానికి చాలాచోట్ల నెలల తరబడి ఆగవలసి వస్తోంది కనుక సెప్టెంబరుకు అందుతుందని ఆ తల్లికి మాట ఇవ్వలేరు. మాట ఇచ్చి పరీక్షకు కూర్చుంటే ఆ రౌండెబౌట్ ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. ఒకవేళ నెగ్గినా, నెగ్గిన వారంలోనే పరాయి పిల్లలు ముగ్గురిని వెనుక పెట్టుకొని బడి వదిలే రద్దీలోకి వెళ్లమని నేను చెప్పను. అక్కడి చట్టం కూడా కొత్త డ్రైవరును రెండేళ్ల పాటు కనిపెట్టే ఉంటుంది, ఆ కాలంలో ఆరు పెనాల్టీ పాయింట్లు పడితే లైసెన్సు రద్దవుతుంది. వెనుక సీట్లో వేరొకరి పాప ఉన్నప్పుడు భయం రెట్టింపవుతుందని రాశారు. దాన్ని పిరికితనమనడానికి నాకు మనసొప్పదు.

మరి నేర్చుకోవాలా? మీ కోసం కావాలనిపిస్తే నేర్చుకోండి. మీ కూతురు వచ్చే ఏళ్లలో సెకండరీ స్కూలుకు వెళుతుంది, ఇంట్లో ఒక్కరే డ్రైవరైతే ప్రతి సాయంత్రం మీ వారి వీలు చూసుకోవాలి, వయసు పెరిగే కొద్దీ నేర్చుకోవడం ఇంకాస్త కష్టమనిపించవచ్చు. ఇవి నిజమైన కారణాలు. ఆడపడుచు ఎత్తిపొడుపు కారణం కాదు. ఖర్చు కూడా ఎదురుగా పెట్టుకొని చూడండి. అక్కడ సగటున నలభై అయిదు గంటల పాఠాలు, ఆ పైన ఇరవై రెండు గంటల సొంత సాధన పడతాయని పరీక్షలు నిర్వహించే సంస్థ చెబుతుంది. గంటకు ముప్పై అయిదు పౌండ్ల చొప్పున చూసినా పాఠాలకే 1,500 పౌండ్లు దాటుతుంది. మీరు కొంత నేర్చుకునే ఉన్నారు కనుక అంత పడకపోవచ్చు, కానీ తరువాత కారు, కొత్త డ్రైవరుకు ఎక్కువగా ఉండే బీమా, పిల్లల్ని తిప్పడానికి బీమాలో మార్పు అన్నీ కలుస్తాయి. వాటి ముందు, కారు ఉంటే మీకు కొత్తగా వచ్చే పిల్లలెందరు? ఇప్పటికే ఆరుగురితో నిండి ఉన్నారు. కారు వల్ల ఏడో బిడ్డను చేర్చుకోలేరు. వృత్తి లెక్కలో చూస్తే అది లాభం తెచ్చే ఖర్చు కాదనే నాకు తోస్తోంది, సొంత జీవితానికి పెట్టే ఖర్చుగా చూస్తేనే దానికి అర్థముంటుంది.

ఒక్క తేదీ మాత్రం మరిచిపోకండి. థియరీ పరీక్ష నెగ్గిన కాగితం రెండేళ్లే చెల్లుతుంది. ఆ లోపు ప్రాక్టికల్ నెగ్గకపోతే థియరీ మళ్లీ రాయాలి. మీ గడువు ఎప్పటిదో చూడండి. నాలుగైదు నెలలే మిగిలి ఉంటే, ఆ కాగితం పోతుందన్న తొందరతో పరీక్షకు పరుగెత్తడం కంటే దాన్ని పోనివ్వడమే నయం, థియరీ మళ్లీ రాయడానికి అయ్యేది 23 పౌండ్లు. నేర్చుకోవాలని నిశ్చయించుకుంటే ఆటోమేటిక్ కారు మీద నేర్చుకునే వీలుంది. గేర్లు మార్చే పని లేకపోతే రౌండెబౌట్ దగ్గర కళ్లకూ మనసుకూ కాస్త ఊపిరి దొరుకుతుంది. ఆ లైసెన్సుతో ఆటోమేటిక్ కార్లే నడపాలి, మీ వారి కారు గేర్లదైతే అది మీకు అక్కరకు రాదు. ఆ లాభనష్టం మీ ఇంట్లోనే తూచుకోవాలి.

ఈ నెలాఖరున బడులకు హాఫ్ టర్మ్ (టర్ము మధ్యలో ఇచ్చే) సెలవులు వస్తాయి. ఆ లోపు ఆ తల్లిదండ్రులిద్దరినీ ఒక సాయంత్రం పదిహేను నిమిషాలు కూర్చోమనండి, పిల్లల్ని తీసుకెళ్లే తొందరలో గుమ్మం దగ్గర మాట్లాడకండి. రెండు బడుల వేళలు రాసిన కాగితం ముందు పెట్టి, అమ్మాయిని ఆ బడి నుంచి తీసుకురావడం ఎవరు నడిపినా కుదరదనీ, బాబును సంతోషంగా ఉంచుకుంటాననీ చెప్పండి. ఉదయం దారి గురించి అడగండి. నిర్ణయం చెప్పడానికి వాళ్లకు జూన్ రెండో వారం దాకా గడువు ఇవ్వండి, ఆ తరువాత ఖాళీ చోట్లకు ప్రకటన పెడతానని కూడా అప్పుడే చెప్పండి. అమ్మాయి చోటుకు మాత్రం అంతదాకా ఆగనక్కరలేదు, వాళ్లు ఏ నిర్ణయం తీసుకున్నా సెప్టెంబరులో అది ఖాళీయే కనుక పక్క బడి ఆఫీసులో ఈ వారమే అడగండి.